గుహే నయం

“బస్సు! బస్సు!” అని కేకపెట్టి, పెద్దక్క కళ్ళకున్న హెడ్‌సెట్ పీకి పారేసింది.

గోడమీది టీవీలో ఆమె ఆట చూస్తున్న ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. హెడ్‌సెట్ కింద పడకుండా పట్టుకున్న అమ్మాయి మాత్రం నవ్వలేదు. వాళ్ళచేత వీడియో గేములు ఆడించడానికి వారానికి రెండుసార్లు వచ్చే టీచరు ఆమె.

“అది బొమ్మ బస్సు అక్కా. మీదికొచ్చినా ఏమీ కాదు.”

“నాకు తెలుసు మేడం. నా కాళ్ళకే తెలీడం లేదు.”

వాళ్ళు నవ్వారంటే నవ్వరూ మరి! పాడుబడ్డ కోటలో అస్థిపంజరాలు మీద పడితే, చీమ కుట్టినట్టైనా లేకుండా నరికి పోగులు పెట్టిన మనిషి. ఒట్టి బస్సుకి బిక్కచచ్చిపోయింది.

ఆటలో తలా ఒక చోటంటే ఇష్టం వాళ్ళకి. టైలరమ్మకి మంచుకొండలు. వాటి మీంచి జారుతూ కేరింతలు కొడుతుంది. అందరూ బక్కది అని పిలిచే పిల్లకి సముద్రం అడుగు. చేపల మధ్యకి వెళ్ళిందంటే, వంతు అయిపోయిందన్నా హెడ్‌సెట్ ఇవ్వదు.

పెద్దక్కకి గుహ. నాలుగు రాతిగోడలు, మూల ఒక దివిటీ, ఎక్కడో నీటిబొట్టు పడుతున్న చప్పుడు. అక్కడ నిధి వెతకాలని టీచరు ఎంత మొత్తుకున్నా వినదు. గోడకి చేరగిలబడి కూర్చుంటుంది.

“అక్కడ కూర్చుని ఏం చేస్తావు పెద్దక్కా?” అని బక్కది అడిగితే, “ఏమీ చెయ్యక్కర్లేదు. అదే హాయి” అంటుంది.

ఇవాళ మాత్రం టీచరు గుహ పెట్టనంది. “రేపే కదక్కా మీ ప్రయాణం. ఇవాళ వీధి తప్పదు.”

వీధిలో రాక్షసులుండరు. రోడ్డు దాటాలి, కొట్లో సబ్బు కొనాలి, ఒక ఇంటి బెల్లు నొక్కాలి. అంతే ఆట.

రెండోసారి కళ్ళు సగం మూసుకుని ఎలాగో రోడ్డు దాటేసింది. కొట్టు గాజుతలుపు దానంతటదే పక్కకి జరిగింది. పెద్దక్క గుమ్మం బయటే ఆగిపోయింది.

“వెళ్ళండక్కా.”

“ఎవరూ రమ్మనలేదుగా?”

“ఎవరూ రమ్మనరు. మనమే వెళ్ళాలి.”

లోపల గోడ గోడంతా సబ్బులే. ఎర్రవి, తెల్లవి, పచ్చవి, పాలరంగువి.

“ఏది తియ్యమంటారు మేడం?”

“మీ ఇష్టం.”

చెయ్యి చాపింది, వెనక్కి తీసుకుంది. మళ్ళీ చాపింది.

“పోనీ, మీరే ఒకటి చెప్పండి” అని బతిమాలింది.

వెనకనుంచి టైలరమ్మ అరిచింది. “ఆ పచ్చది తియ్యవే! నిమ్మకాయ వాసనొస్తుంది.”

“ఆటలో వాసనెక్కడిదే నీ మొహం!” అంది బక్కది.

పెద్దక్క గబుక్కున పచ్చది లాక్కుంది. డబ్బు తీసుకునే చోట మనిషి లేడు. ‘చెల్లించండి’ అంది ఒక యంత్రం. “అలాగేనండీ” అంది పెద్దక్క, చేతులు కట్టుకుని. మళ్ళీ నవ్వులు.

చివరికి ఇల్లు వచ్చింది. నీలంరంగు తలుపు, పక్కనే బెల్లు. చెయ్యి లేవలేదు.

“లోపల మీ అబ్బాయే ఉన్నాడనుకోండి” అంది టీచరు మెల్లగా.

ఆమె భయమంతా అదే. కొడుకు చిన్నప్పటినుంచీ ఆమె చెల్లెలి చేతుల మీదే పెరిగాడు. రేపు వెళ్ళాల్సింది వాడింటికే.

“తలుపు తీసి, ‘ఎందుకొచ్చావ్’ అంటే?”

హాల్లో నవ్వులు ఆగిపోయాయి.

“ఈ ఆటలో అలాంటిది పెట్టలేదక్కా.”

“ఆటలో పెట్టలేదు, సరే.”

బెల్లు నొక్కింది. లోపల అడుగుల చప్పుడు. దగ్గరికొస్తోంది. గొళ్ళెం తీస్తున్నారు. తలుపు తెరుచుకుంది. ఒక్కసారిగా చుట్టూ తెల్లగా అయిపోయింది. గోడ లేదు, నేల లేదు, మనిషి లేడు.

“ఏమైంది మేడం? ఎవరూ లేరేం?”

“అక్కడిదాకానే తయారుచేశారక్కా. ఆట అయిపోయింది.”

అన్ని అస్థిపంజరాలని చేసినవాళ్ళు, తలుపు వెనక ఒక్క మనిషిని చెయ్యలేకపోయారు. పెద్దక్క హెడ్‌సెట్ తీసి టీచరు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఆఫీసులో మీరొక మాట చెప్పి, రేపటిది ఇంకో నెల ఆపించగలరా?”

“త్వరగా చేయించమని అడిగినవాళ్ళున్నారు గానీ, ఆపమన్నది మీరొక్కరేనక్కా. అది నా చేతుల్లో లేదు.”

“అయితే ఇంకొక్కసారి ఆ గుహ పెట్టండి. దణ్ణం పెడతాను.”

టీచరు కాదనలేకపోయింది. పెద్దక్క రాతిగోడకి చేరగిలబడింది. బక్కది వచ్చి పక్కన కూర్చుని, ఆమె భుజం మీద తల వాల్చింది.

“మాకందరికీ నిన్ను చూస్తే కుళ్ళుగా ఉందే పెద్దక్కా” అంది.



మర్నాడు పొద్దున్న గేటు తీసిన వార్డరు, “నీ శిక్ష అయిపోయింది, ఇక నడు” అని రెండోసారి గట్టిగా చెప్పాక గానీ, ఇరవై రెండేళ్ళుగా ఉన్న ఆ జైల్లోంచి ఆమె కాలు బయటికి పడలేదు.