ఒక దిక్కు చైను, ఒక దిక్కు బెల్టు

అబిడ్స్‌లో ఓ కాంప్లెక్సు పైకి జనరేటర్ ఎక్కించాలి. క్రేను వచ్చి గంటైంది. లోడు కట్టే రాజమల్లు మాత్రం కదల్లేదు.

"ఒక దిక్కు చైను, ఒక దిక్కు బెల్టు కట్టి లేపొద్దు సార్. గౌలిగూడల షాపు తెరిచినంక ఇంకో చైను తెప్పియ్యున్రి."

"రెండూ ఒకటే పొడుగున్నయ్ గద, ఏమైతది?" సూపర్‌వైజర్ విసుక్కున్నాడు.

"బరువు పడితే బెల్టు సాగుతది, చైను సాగదు. బరువంత చైను మీదికే వచ్చి తెగుతది."

"ముప్పై ఏండ్ల సర్వీసున్నోనివి. గీ భయం నీకెవరు పెట్టిన్రు?"

"నా కొడుకు భూపాల్. ట్రైనింగుల నేర్చుకున్నడు."

"గంత తెలిసినోడైతే రేపు ఆయన్నే తోలియ్యి."

రాజమల్లు చేతిలోని బెల్టును మెల్లగా చుట్టసాగాడు.

"పోయినేడు నాంపల్లిల వాడు గిట్లనే అడ్డం నిలబడ్డడు సార్. 'ముప్పై ఏండ్ల సంది కడుతున్న, నాకే నేర్పుతవా' అని నేనే లేపిచ్చిన."

చుట్టిన బెల్టును కింద పెట్టాడు.

"చైను తెగినప్పుడు, లోడు ఊగకుండ పట్టుకొని కింద ఉన్నది వాడే. నలుగుర్ల నాకు ఎదురు చెప్పొద్దని, 'సరే బాపూ' అనుకుంట పోయిండు."