ఎముకకు వినబడని మాట

ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన ఆ నల్లగొండ పల్లెలో ఇప్పుడు ప్రతి సోమవారం ఎముకల సూది వేస్తున్నారు. మందులోని ప్రొటీన్ ఎముక కణాలకు ఎలా పెరగాలో చెబుతుందట. రేషన్ బియ్యానికి నిలబడ్డట్టే జనం సూదికి నిలబడుతున్నారు. పొట్టివైపోయిన చొక్కాలకు గుడ్డ అతికించలేక దర్జీ తల పట్టుకుంటున్నాడు.

ముప్పై ఏళ్లు నేలను చూస్తూనే నడిచిన సైదమ్మ ఆరు నెలల్లో నిటారుగా నిలబడింది. ఆమె భర్త జానయ్య వీపు మాత్రం అంగుళమైనా లేవలేదు.

ఆ మందు కనిపెట్టిన శాస్త్రవేత్త వకుళ స్వయంగా వచ్చి అతణ్ని పరీక్షించింది.

"పెద్దయ్యా, మందు చెప్పే మాట మీ ఎముకలకు వినబడడం లేదు. ఎందుకో ఇంకా తెలీదు. వెతుకుతున్నాను," అంది తల వంచుకుని.

"నా మాట గూడ ఎన్నడిన్నడు గనుక!" అంది సైదమ్మ. జానయ్య నవ్వాడు గాని ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాక్కూడ సూదొద్దు మేడమ్. ఈయనను ఇడిసిపెట్టి నేనొక్కదాన్నే లేస్తనా?"

"ఇప్పుడు ఆపితే మళ్లీ వంగిపోతావమ్మా."

"పిచ్చా నీకు?" అన్నాడు జానయ్య. "మనింట్ల ఒక్కలకన్న మొగులు కనవడనీ. చెయ్యి సాపు."

సైదమ్మ చెయ్యి చాపింది.

తిరుగుదారిలో భర్త చెయ్యి పట్టుకుని, తలెత్తి, ఆకాశంలో కనబడ్డవన్నీ చెప్పసాగింది. "కొంగలు పోతున్నయ్. వరుసగ, పదో పన్నెండో..."

"జర పక్కకు నడువు," అన్నాడు జానయ్య. "ముందర రాయుంది."