అవతలి గట్టు మనిషి

"ఏ ఊరండీ మీది?"

గంజి కోసం ముంత చాపిన మనిషి తల దించుకున్నాడు. "అవతలి గట్టండి."

త్రిమూర్తులు చేతిలో గరిటె ఆగిపోయింది.

యాభైమూడులో వచ్చిన గోదావరి వరద లంకల్ని ఊడ్చేసింది. త్రిమూర్తులు ఊరికి మాత్రం ఏటిగట్టు నిలిచింది. అందుకే బడి ముందు పొయ్యిలు పెట్టి, దిక్కులేక వచ్చినవాళ్ళకి గంజి పోస్తున్నారు.

అవతలి గట్టువాళ్ళ సంగతి వేరు. ఏటికి ఒక గట్టు తెగితే రెండోది బతుకుతుంది. అందుకని ఏరు పొంగితే చాలు, వాళ్ళెక్కడ వచ్చి తమ గట్టు కోసేస్తారోనని ఊరంతా కర్రలు, కాగడాలు పట్టుకుని కాపలా కాస్తారు. ఈసారి వాళ్ళు పడవ సిద్ధం చేశారని కబురు కూడా వచ్చింది. కానీ పడవ రాలేదు. చివరికి తెగింది వాళ్ళ గట్టే.

"మన కాగడాలు చూసి జడిసేరు" అని అప్పుడు త్రిమూర్తులు మీసం మెలేశాడు.

ఇప్పుడు ఒంటికాలిమీద లేచాడు.

"మా కొంప ముంచుదామని చూసి, మా గంజికే వచ్చేవా? సిగ్గు లేదూ?"

ఆ మనిషి ముంత వెనక్కి తీసుకున్నాడు.

"పోనిద్దురూ బాబూ, ఆకలిమీదున్నాడు" అంది వంట చేస్తున్న పాపాయమ్మ.

"నువ్వూరుకో! వీళ్ళకి పోసేకంటే ఏట్లో పారబోస్తే నయం."

ఆ మనిషి దణ్ణం పెట్టి, "వస్తానండి" అని మరీ వెళ్ళాడు.

తిరిగి తిట్టినా బాగుండేది. త్రిమూర్తులు భోజనానికి కూర్చుంటే ముద్ద దిగలేదు. ఛీ, అన్నం అడిగినవాణ్ణి తరిమేనేమిటి! విస్తరి ముందునుంచి లేచి, గంజి తీసుకుని రేవుదాకా పరిగెత్తాడు.

అప్పటికే ఆ మనిషి లాంచీ ఎక్కి వెళ్ళిపోయాడట. ఎక్కడికో ఎవరికీ తెలీదు.

అప్పుడే అవతలినుంచి ఏరు దాటి వచ్చిన ఒకావిడ ఎదురైంది.

"మా అన్నయ్య పెదబాబు ఇటొచ్చేడా అండీ? చేతిలో ముంతుంటదండి."

"వచ్చేడమ్మా. నేనే..." త్రిమూర్తులు మాట మార్చాడు. "మీ ఊళ్ళో ఎవరూ పెట్టలేదా?"

"మావోళ్ళు ఎలేసేరండి. మీవోళ్ళయినా ఇంత గంజి పోస్తారని ఆశపడి వచ్చేడండి."

"ఎందుకు వెలేసేరమ్మా?"

ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"మీ గట్టు కొయ్యడానికి మావోళ్ళు తెచ్చిన పడవని తాడు తెంపి వరదలోకి వదిలేసింది మా అన్నయ్యేనండి, తెల్లారి మా గట్టు తెగితే, మా వదిన్ని దాటించడానికి ఆ పడవే లేకపోయిందండి."