చెవి యంత్రానికి వంకలు

“ఇది చెవిలో పెట్టుకునేదా, పంటికింద రాయిలా సతాయించేదా?” అంది సాల్కిన్ అవ్వ.

జపార్ తాత ఇంట్లో టీకి చేరిన ముసలివాళ్లంతా తమ గిన్నెల్లోకి చూస్తూ కూర్చున్నారు.

బెగిమాయ్‌కి ఒళ్లు మండింది.

రాజధాని బిష్కెక్‌లో ఏళ్ల తరబడి కష్టపడి ఆమె తయారు చేసిన వినికిడి యంత్రం అది. వేరుశనగ గింజంత. పెట్టుకుంటే పక్కవాళ్లకు కూడా కనబడదు. నెల కిందట ఈ కొండ ఊరికి వచ్చి, చెవుడొచ్చిన పెద్దలకు ఎవరి చెవి కొలత వాళ్లకు తీసి, తలా ఒకటి ఇచ్చింది. ఇవాళ వాళ్ల మాట విని వెళ్తే ఇక ఫ్యాక్టరీలో అచ్చులు పోస్తారు. ఆ తరవాత మార్పులుండవు. దేశంలోని ముసలివాళ్లందరికీ చేరేది ఇదే.

“తాతా, బాగుందా?” గట్టిగా అడిగింది.

“బంగారంలా ఉంది తల్లీ! నువ్వు చల్లగా ఉండాలి.”

అందరిదీ అదే మాట. పిలవని పేరంటానికొచ్చిన ఈ అవ్వ తప్ప.

“మీట ఆవగింజంత ఉంది. పాలు పితికి పితికి కాయలు కాచిన వేళ్లకి అది తగుల్తుందా? తలగుడ్డ కట్టుకుంటే కీచుమంటుంది. గుర్రమెక్కితే గాలి హోరు తప్ప ఇంకేం వినబడదు.”

“మీకు నేను యంత్రమే ఇవ్వలేదు కదవ్వా?”

“మా మరిదిది పెట్టుకు చూశాలే.”

“ఆయన చెవి కొలతకి చేసింది మీకు నొప్పి పెట్టక ఏం చేస్తుంది?”

“సరే, ఈ దాపరికం దేనికే? మా ఊళ్లో ఎవరికి చెవుడో గొర్రెలకి కూడా తెలుసు. ఇంత మీట పెట్టి, మెడలో వేసుకునేది చెయ్యి.”

“మెడలోనా? గొర్రె గంటలాగా?”

“గంటే నయం. పారేసుకున్నా దొరుకుతుంది!”

ఎవరూ నవ్వలేదు. అవ్వని వెనకేసుకు రానూ లేదు.

అక్కడ అందరికంటే చిన్నది బెగిమాయే కనక టీ పోసే పని ఆమెదే. ఆ ఊళ్లలో కావలసిన మనిషికి సగం గిన్నే పోస్తారు, మళ్లీ మళ్లీ పోయొచ్చని. అంచుదాకా పోస్తే, ఇక దయచేయండని.

బెగిమాయ్ అవ్వ గిన్నె అందుకుని అంచుదాకా నింపింది.

ముసలివాళ్లు మళ్లీ తమ గిన్నెల్లోకి చూశారు.

అవ్వ ఒక్కసారి అందరి మొహాలూ చూసింది. టీ మొత్తం తాగింది. “వస్తానమ్మా” అని లేచి వెళ్లిపోయింది.

అచ్చులు పోశారు.

మరుసటి వేసవిలో బెగిమాయ్ మళ్లీ వచ్చేసరికి జపార్ తాత చెవులు బోసిగా ఉన్నాయి.

“యంత్రమేది తాతా?”

ఆయన చేయి చెవికి ఆనించుకుని, నిండుగా నవ్వాడు.

“బంగారంలా ఉంది తల్లీ!”

కోడలు నుర్జాత్ గబగబా పెట్టె తెరిచింది. పట్టుగుడ్డలో చుట్టి ఉంది యంత్రం, ఇచ్చింది ఇచ్చినట్టే.

“ఏ ఇంట్లో చూసినా ఇంతే అక్కా. మీరిచ్చిన కానుక కదా, భద్రంగా దాచుకున్నారు.”

బెగిమాయ్‌కి దేశమంతా ఇలాంటి ఇళ్లలో ఇలాంటి పెట్టెలు కళ్ల ముందు మెదిలాయి.

“సాల్కిన్ అవ్వని పిలువు నుర్జాత్. క్షమించమని అడుగుతా. ఆవిడ చెప్పినట్టే మళ్లీ చేస్తా.”

“ఆవిడ మంచు పడ్డ కొత్తల్లోనే పోయిందక్కా.”

బెగిమాయ్‌కి ఎంత పాపిష్టి పని చేశానని ఏడుపొచ్చింది.

“పాపం, ఆ చెవుడుతో ఎంత అవస్థ పడిందో!”

“ఆవిడకి చెవుడా? కొండ అవతల గుర్రం సకిలిస్తే అది ఎవరిదో చెప్పేది!”

“మరి ఆ వంకలన్నీ?”

నుర్జాత్ తల దించుకుంది.

“అతిథి తెచ్చిన దానికి మొహం మీద వంక పెట్టలేక, మా మామయ్యతో సహా అందరూ మీరొచ్చే ముందు రోజే ఆవిడింటికెళ్లి, తమ బాధలన్నీ చెప్పుకుని, మా తరఫున నువ్వే మాట్లాడమని చేతులు పట్టుకుని బతిమాలారక్కా.”