నీలం గీత

కట్ల సిస్టరు కత్తెర పక్కన పెట్టి, కళ్ళజోడు పైకి తోసుకుని, మిషనమ్మ కాలి వైపు చూసింది. కట్టు చివర తను నీలం పెన్నుతో గీసిన గీత రెండు ముక్కలై ఉంది.

"మళ్ళీ విప్పావు కదమ్మా," అంది.

మానని మొండి పుండ్లకు మాత్రమే వైద్యం చేసే గది అది. పుండు కడిగి, మందు పెట్టి, వేళ్ళ దగ్గర్నుంచి మోకాలి దాకా బిగుతుగా కట్టు కడతారు. ఆ బిగుతే అసలు మందు. వారం దాకా విప్పకూడదు, తడపకూడదు. కట్టు చివర, పై పొర మీంచి కింది పొర మీదికి సిస్టరు అడ్డంగా ఒక గీత గీస్తుంది. ఎవరైనా విప్పి మళ్ళీ చుడితే ఆ గీత కలవదు.

"నా మిషను మీద ఒట్టు సిస్టర్. నేను ముట్టుకోలేదు."

సిస్టరు నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు కంటే నాలుగు తిట్టినా బాగుండేది.

మిషనమ్మ బట్టలు కుట్టి బతికిన మనిషి. మొగుడు పోయాక ఆ మిషను తొక్కే కూతుర్ని పెంచింది, పెళ్ళి చేసింది. చీలమండ పైన లేచిన పుండు ఎంతకీ మానకపోతే కూతురే వచ్చి తన ఇంటికి తీసుకుపోయింది. కొట్టుకు తాళం పడింది. పుండు మానితే మళ్ళీ మిషను. మానకపోతే కాలు తీసెయ్యాల్సి రావచ్చని డాక్టరు ముందే చెప్పాడు.

కూతురి సేవకు వంక పెట్టడానికి లేదు. తల్లి వచ్చాక ఆ పిల్ల ముఖంలోకి కళ కూడా వచ్చింది. పెళ్ళయింది మొదలు ఎంత ఎండలోనైనా నిండు చేతుల జాకెట్లే కుట్టమనేది. ఇప్పుడు పెట్టె అడుగున ఉన్న పాత పొట్టి చేతులవి తీసి వేసుకుంటోంది. మధ్యాహ్నం మాత్రలు పడగానే మిషనమ్మకు మత్తుగా నిద్ర వచ్చేది. కూతురు కాళ్ళ దగ్గరే కూచునేది. షుగరు వల్ల మోకాలి కింద స్పర్శ తెలియదు గాని, ఆ పిల్ల అక్కడుందన్న ధైర్యానికే కన్ను మూతపడేది.

అల్లుడు అంతకంటే మంచివాడు. గొంతు పెంచి మాట్లాడి ఎరగడు. అత్తయ్యగారూ అంటూ పండ్లు తెచ్చి చేతికిచ్చేవాడు. అల్లుడంటే ఇలా ఉండాలని పక్కింటివాళ్ళు అనేవారు. అలాంటివాడు, ఆ పూట భోజనాల దగ్గర గీత సంగతి విని, నవ్వుతూ ఒక మాట విసిరాడు.

"అత్తయ్యగారికి మా ఇంటి మంచం వదలబుద్ధి కావట్లేదేమో."

మిషనమ్మ కలిపిన ముద్ద పళ్ళెంలోనే వదిలేసింది. తిండి కోసం పుండు కెలుక్కునే మనిషి కింద జమకట్టారు తనని. మా అమ్మ అలాంటిది కాదని కూతురు ఒక్క మాట అంటుందేమోనని చూసింది. కూతురు ఎప్పుడో తడి ఆరిన పళ్ళేన్ని తుడుస్తూనే ఉంది.

మర్నాడే మిషనమ్మ సిస్టరు దగ్గరికి వెళ్ళి కూర్చుంది. పుండు మానేదాకా ఇంటికి పోను, ఇక్కడే ఏదో ఒక మంచం చూపించమంది. కూతురు చెయ్యి పట్టుకుని వదల్లేదు. వద్దమ్మా, ఇంట్లో నేను చూసుకుంటాగా అని వెక్కి వెక్కి ఏడ్చింది. పెళ్ళయి వెళ్ళేటప్పుడు కూడా అంత ఏడవలేదు ఆ పిల్ల.

"నిందపడి నీ ఇంట్లో ఉండలేనే," అంది మిషనమ్మ, ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడిపించుకుంటూ.

వార్డులో గీత చెదరలేదు. ఏ వారమూ చెదరలేదు. పుండు అంచుల నుంచి గులాబిరంగు చర్మం లోపలికి పాకుతూ వచ్చి, చివరికి మూసుకుంది.

"చూశావా, మా కళ్ళముందుంటే ఎంత బుద్ధిగా ఉన్నావో," అంది సిస్టరు.

మిషనమ్మ మానిన చోటు కేసి చూసుకుంది. కాలు దక్కింది గాని, నేరం మాత్రం తన మీదే ఉండిపోయింది. మొదట్లో రోజూ వచ్చిన కూతురు కూడా రాను రాను తగ్గించేసింది. పనులు తెమలడం లేదని కబురు పంపేది.

ఇంటికి పంపించే రోజున మాత్రం వచ్చింది. పుండు మానినా కొన్నాళ్ళు కట్టుతోనే తిరగాలని సిస్టరు చెబుతుంటే తల్లీకూతుళ్ళిద్దరూ విన్నారు. ఆవిడ వెళ్ళగానే మిషనమ్మ సంచీ ఒళ్ళో పెట్టుకుంది. నేరుగా తన కొట్టుకే పోతానంది. ఇంక ఎవరి మంచమూ అక్కర్లేదంది. కాళ్ళు అప్పుడే మిషను తొక్కుతున్నట్టు ఆడుతున్నాయి.

అప్పుడు కూతుర్ని సరిగ్గా చూసింది. మణికట్టు దాకా మూసుకుని ఉంది.

"ఈ ఉక్కలో మళ్ళీ ఈ నిండు చేతులేమిటే? ముందు నీకే నాలుగు పొట్టి చేతులవి కుడతా ఉండు," అంటూ కొలతకని భుజం కింద జాన పెట్టి నొక్కింది. కూతురు నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది. తల్లి కాళ్ళ దగ్గర కూచుంది.

"నువ్వు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆయన చెయ్యి లేవలేదమ్మా," అంది, తల్లి కాలి కట్టు మీది నీలం గీతను వేలితో తడుముతూ, "అందుకే దీన్ని నేనే విప్పేదాన్ని."