అచ్చయిన తేదీ తర్వాత

ఫారంలో పదకొండు గడులు. పది నిండాయి. పదకొండోది రెండేళ్లుగా ఆమెను చూసి పళ్లికిలిస్తోంది.

"మళ్ళీ చెప్తున్నానమ్మా," అన్నాడు గుమస్తా కళ్లద్దాలు పైకి తోసుకుంటూ. "పేరున్న పత్రికలో నీ పేరుతో ఒక్క వ్యాసమైనా అచ్చవ్వాలి. ఆ పేపరు కత్తిరింపు చూసి నీ గైడు ఇక్కడ సంతకం పెట్టాలి. సంతకం తేదీ, అచ్చయిన తేదీ తర్వాత ఉండాలి. ముందుంటే చెల్లదు."

"నెలాఖరు దాకా టైముందిగా సార్?"

"ఉంది. నెలాఖరుకి నువ్వు చేరి ఐదేళ్లు నిండుతాయి. ఆ తర్వాత పట్టా లేదు, ఇన్నాళ్లు రాసిన పరీక్షలూ లెక్కలోకి రావు. గైడును మార్చుకుందామన్నా దానికో ఏడాది పడుతుంది. ఆ ఏడాది నీ దగ్గర లేదు."

మాస్ కమ్యూనికేషన్ శాఖలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నా అతను పేపరు చదవడు. ఫారాలు చదువుతాడు. వాటిలో కామా కూడా వదలడు.

ఆమె ఇంటర్న్‌గా చేరిన పత్రిక ఏటికేడాది చిక్కిపోతోంది. పేజీలు తగ్గాయి, కుర్చీలు ఖాళీ అయ్యాయి. అక్కడ పద్నాలుగు వ్యాసాలు ఇచ్చింది. మంచినీళ్ల మీద, సిటీ బస్సుల మీద, మూతబడ్డ సినిమా హాలు మీద. "బాగుంది, చోటు లేదు" అన్నాడు డెస్క్ ఇన్‌ఛార్జి పద్నాలుగుసార్లూ. ఇంటర్న్ పేరు వేయడానికి చోటున్నది ఒక్క నివాళి పేజీలోనే.

పెద్దవాళ్ల నివాళులు వాళ్లు బతికుండగానే రాసిపెట్టుకోవడం పత్రికల్లో మామూలే. పోయాక ఉరుకులు పరుగుల మీద రాస్తే తప్పులు దొర్లుతాయి. ఇన్‌ఛార్జి సొరుగులో అలాంటి పేర్ల జాబితా ఉంది. అందులోంచి ఒకటి ఆమెకిచ్చాడు.

"ఈ పెద్దాయన రాతలన్నీ నువ్వు చదివావు కదా. రాసి ఉంచు. పడిన రోజు నీ పేరే వేస్తాను."

ఆమె ఆ పేరు రెండుసార్లు చదువుకుంది. కాదనే ధైర్యం లేకపోయింది.

రాసి, తీసుకెళ్లి గైడుకు చూపించింది. ఆయన రిటైరయ్యారు. ఈ ఒక్క పిల్ల పని మిగిలిపోయిందని ఇంట్లో కూర్చునే గైడుగా కొనసాగుతున్నారు. ఇన్‌ఛార్జి ఏం రాయమన్నాడో విని చాలాసేపు నవ్వారు.

"మంచి మనిషినే అప్పగించాడు. ఇటు తే."

ఎర్ర పెన్ను తీశారు. 'మహా మేధావి' కొట్టేశారు. 'తీరని లోటు' కొట్టేశారు.

"ఏ లోటైనా తీరుతుందమ్మా. ఇదేంటి, చేరిన రోజే రిపోర్టరు అని రాశావు? మూడేళ్లు ప్రూఫులు దిద్దాడు. అది చెప్పుకోవడానికి సిగ్గుపడేవాడు. అదీ రాయి."

"బాగుండదేమో సార్."

"నిజం బాగుండాలని ఎవరన్నారు?"

అప్పటినుంచి ప్రతి శుక్రవారం అదే తంతు. గుమ్మంలో అడుగు పెట్టగానే ఆయన అడిగేవారు. "ఏమంటున్నాడు మన పెద్దాయన? ఇంకా ఉన్నాడా?"

"ఉన్నారు సార్," అని ఆమె తల దించుకునేది.

"మొండిఘటం," అనేవారు ఆయన పెన్ను మూత తీస్తూ. కొట్టివేతలు మాత్రం వారం వారం తగ్గుతూ వచ్చాయి.

ఇంట్లో అక్క ఎత్తిపొడుపులు వేరే. "నీకంటే ముందు మావాడే పట్టా పుచ్చుకునేలా ఉన్నాడే." వాడు ఐదో తరగతి.

కూర్చున్నా, లేచినా ఆమెకు ఒకటే బెంగ. ఆ నివాళి పడాలని ఆమె ఒక్కనాడూ కోరుకోలేదు. అది తప్ప ఇంకేదీ పడేలా లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పదిహేనో వ్యాసం కూడా రాసి ఇచ్చింది. చోటు లేదన్నారు.

పోయిన శుక్రవారం గైడు తనంతట తనే ఫారం అడిగారు.

"ఇటివ్వు, ఇప్పుడే పెట్టేస్తాను."

"అచ్చవకుండా చెల్లదు సార్. తేదీ చూస్తారు."

"ఆ నిబంధన రాసిన కమిటీలో నేనూ ఉన్నానమ్మా. ఏ పనీ చేయకుండా ముందే సంతకాలు పెట్టించుకుంటున్నారని మేమే పెట్టాం." పెన్ను మూత తీశారు. "దొంగ తేదీ వేయమంటావా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన పెన్నుకు మూత పెట్టేశారు. ఆ రోజు మాత్రం నవ్వలేదు.

బుధవారం పొద్దున నివాళి అచ్చయింది. మూడు కాలమ్‌లు. ప్రూఫులు దిద్దిన మూడేళ్లూ ఉన్నాయి. మేధావీ లేడు, లోటూ లేదు. ఒక్క అక్షరం కూడా మారలేదు.

పదింటికల్లా ఆమె ఆఫీసులో ఉంది. కళ్లు వాచి ఉన్నాయి. గుమస్తా కత్తిరింపు అందుకుని ముందు పత్రిక పేరు చూశాడు. తర్వాత తేదీ చూశాడు. "నీ పేరేదీ?" అన్నాడు. ఆమె వ్యాసం అడుగున వేలు పెట్టి చూపించింది. ఫారంలో ఉన్న పేరుతో అక్షరం అక్షరం పోల్చి చూసుకుని అతను తృప్తిగా తలాడించాడు.

"మొత్తానికి సాధించావు. ఇంకా ఆ ఏడుపు మొహం దేనికి? నెలాఖరుకి ఇంకా రెండు రోజులున్నాయి. ఒక్క పరుగున వెళ్లి మీ గైడుతో సంతకం పెట్టించుకొచ్చెయ్, సాయంత్రానికి పైకి పంపేస్తాను."

ఆమె తన పేరు మీదినుంచి వేలు తీసి, వ్యాసం పైనున్న గైడు ఫోటో మీద పెట్టింది.