రెండో గీత

బసవపున్నయ్య రెండడుగులు వెనక్కి వేసి, గర్డరును ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. ముందుకొచ్చి పక్కభాగం మీద సుద్దముక్కతో గీత గీశాడు.

“ఇదే నడుమ. గొలుసు కట్టండి.”

ఎనభై మూడు ఎండాకాలం. చండ్రుగొండ దాటాక వాగు మీద కడుతున్న వంతెనకు ఇదే ఆఖరి గర్డరు. ముప్పై అడుగుల ఇనుప దూలం. గొలుసు సరిగ్గా నడుమ పడితేనే ఒరగకుండా లేస్తుంది.

పోయిన వారం లేపిన గర్డరు ఒరిగింది. అది ఊగకుండా కింద తాడు పట్టుకున్న సీతయ్యకు తల దక్కడమే గొప్ప.

ఇవాళా తాడు సీతయ్యదే.

“గీత ఎడమకు పోయింది మేస్త్రీ.”

బసవపున్నయ్య తిరిగి చూశాడు. బస్సు దిగి వాగు నడిచి దాటుతున్న ప్రయాణికుల్లో ఒక ముసలాయన. కుడిచేయి తువ్వాలు కింద ఉంది.

“టేపు పెట్టమంటావా పెద్దాయనా? మాది తుల్సీరాం మేస్త్రి వరస. టేపు ముట్టం. గొలుసులో పడి రెండు వేళ్లు తెగినా, మర్నాడు ఎడమచేత్తో గీత గీసిన మనిషాయన.”

“ఆయన్ని చూసినవా?”

“చూసినవాళ్ల దగ్గర నేర్చుకున్నా.”

“అవ్, గందుకే సగమే వచ్చింది.”

కూలీలు కిసుక్కుమన్నారు.

“పోయిన తాప కుడి కొస దిగింది గదా?” అన్నాడు ముసలాయన.

బసవపున్నయ్య ఆయనకేసి తిరిగాడు. “నీకెవరు చెప్పారు?”

“నీ గీతే చెప్పింది. అవతలికి పోయి ఇంకోటి గీయి. నడుమ అనుకుంట మనిషి జరంత ఎడమకే పోతడు. నువ్వే కాదు, ఎవరైనా.”

అవతలి గట్టున ఇంకో బస్సు హారన్ కొట్టింది.

“వెళ్లు. భద్రాద్రి రాముడికి చెప్పుకో ఈ లెక్క.”

ముసలాయన వాగు దాటాడు.

“లేపుతుండ్రా?” కింద నుంచి సీతయ్య కేకేశాడు.

“ఆగు,” అన్నాడు బసవపున్నయ్య. గర్డరు చుట్టూ తిరిగి అవతలి పక్క నిలబడ్డాడు. చూశాడు. గీశాడు.

రెండు గీతలనూ పై అంచు మీదికి లాగాడు.

మధ్యలో జానెడు ఎడం.

ఆ జానెడులో సగానికి గొలుసు కట్టించాడు. గర్డరు తక్కెడ కాడలా సమంగా లేచింది. సీతయ్యకు తాడు లాగే పనే పడలేదు.

బసవపున్నయ్య అవతలి గట్టుకేసి చూశాడు. బస్సు లేపిన దుమ్ము కూడా అణిగింది.

“ఎవరే ఆ ముసలాయన?”

“పేరు చెప్పలే,” అంది నీళ్లు మోసే నాగక్క. “తాగనీకి నీళ్లు పోస్తే దోసిట్ల నిలవలే, పాపం. కుడిచేతికి రెండు వేళ్లు లేవు.”